వినని బిడ్డ, వెనుకబడిన బిడ్డ – తలిదండ్రులకు ఒక పాఠము



ఈసారి పాఠము చిన్నబిడ్డలు గల ఇండ్ల కొరకు. ముఖ్యముగా చెవులు సరిగా వినబడక, దానితోపాటు నడకలోను, ఆటలోను, గ్రహింపులోను వెనుకబడిన బిడ్డలను పెంచుచున్న తలిదండ్రుల కొరకు. అట్టి బిడ్డలు మన మధ్య లేరని ఎవరును అనుకొనవద్దు. ఆరాధన సమయములో తలుపు దగ్గర కూర్చొని, బిడ్డ కేక వేయగానే చంకనెత్తుకొని బయటకు పోవు తల్లిని మీరు చూచియే యుందురు. ఆ తల్లి ఏ ఊరినుండి వచ్చినదో, బిడ్డకు ఏమైనదో అడిగినవారు తక్కువ.

బిడ్డకు మాట ఆలస్యమైతే మన ఇండ్లలో మొదట వినబడునది “చూద్దాంలే” అను మాట. “మగపిల్లలకు మాట నిదానంగా వస్తుంది” అని నాయనమ్మ అంటుంది. “వాళ్ల నాన్నకు నాలుగేళ్లకు గాని పలుకు రాలేదు” అని మేనత్త అంటుంది. వస కొమ్ము అరగదీసి నాకించమని పొరుగువారు చెప్పుదురు. వీరెవరును బిడ్డకు కీడు కోరువారు కారు. అయితే వస కొమ్ము చెవిని తెరువదు. “చూద్దాంలే” అని గడిపిన సంవత్సరము తిరిగి రాదు. ఎందుకనగా గర్భములో ఉన్నప్పుడే, పుట్టుకకు కొన్ని నెలల ముందునుండే, బిడ్డ వినుట ప్రారంభించును. మొదటి మూడేండ్లలో మెదడు వినికిడికి, మాటకు చోటు సిద్ధపరచుకొనును. ఆ కాలములో చెవినుండి ఏమియు రానియెడల ఆ చోటు వేరే పనులకు పోవును. తరువాత నేర్పవచ్చును గాని ఎక్కువ శ్రమతో, తక్కువ ఫలముతో.

అందుచేతనే వైద్యులు 1, 3, 6 అను లెక్క చెప్పుదురు. పుట్టిన నెలలోగా వినికిడి పరీక్ష, 3 నెలలలోగా లోపము నిర్ధారణ, 6 నెలలలోగా చికిత్స, శిక్షణ ప్రారంభము. అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో అను పరిశోధకురాలు, ఆమె సహచరులు 1998లో ప్రకటించిన అధ్యయనములో తేలినదేమనగా, ఆరు నెలలలోపు లోపము తెలిసి శిక్షణ అందిన బిడ్డలు ఆలస్యముగా తెలిసిన బిడ్డలకంటె భాషలో చాలా ముందున్నారు. మన బిడ్డ వయసు ఆరు నెలలు దాటిపోయినదే అని కుమిలిపోవద్దు. మూడేండ్లయితే మూడేండ్లకే మొదలు పెట్టవలెను. ఈ వారము వచ్చే వారముకంటె మేలు.

ఇంట్లో పరీక్షించుకొనుటలో ఒక మోసమున్నది. వెనుకనుండి స్టీలు పళ్లెము మీద గరిటెతో కొట్టి, బిడ్డ తిరిగి చూడగానే “చెవులు బాగున్నాయి” అని సంతోషించెదము. బిడ్డ నీడను చూచి తిరిగి యుండవచ్చును, నేల అదరుట తెలిసి తిరిగి యుండవచ్చును. లేదా పెద్ద చప్పుడు మాత్రమే వినగల బిడ్డ కావచ్చును. మనము మాట్లాడుకొను మాట సుమారు 60 డెసిబెల్స్ ఉండును, గుసగుస 30 ఉండును. పళ్లెము చప్పుడు వీటన్నిటికంటె పెద్దది. పళ్లెము విన్న చెవికి మాటలోని “స”, “శ”, “త” వంటి సన్నని ధ్వనులు చేరకపోవచ్చును. కాబట్టి పళ్లెము సాక్ష్యము చెల్లదు.

నిజమైన పరీక్షలు రెండు. ఒకటి ఓ.ఏ.ఇ. చెవిలో చిన్న గొట్టము పెట్టి లోపలి చెవి స్పందించుచున్నదో లేదో చూచెదరు, నిమిషములలో అయిపోవును. రెండవది బెరా. బిడ్డ నిద్రలో ఉండగా తలమీద వైర్లు అంటించి, శబ్దము నరముగుండా మెదడుకు చేరుచున్నదో లేదో కొలిచెదరు. బిడ్డ చేయి ఎత్తనవసరము లేదు, మాట్లాడనవసరము లేదు, నొప్పి లేదు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పవలెను. నెలలు నిండక పుట్టి గాజుపెట్టెలో ఉన్న బిడ్డకు, కామెర్లు ఎక్కువై రక్తము మార్చిన బిడ్డకు ఓ.ఏ.ఇ. ఒక్కటే చాలదు. లోపలి చెవి బాగుండి నరము దెబ్బతిన్నప్పుడు ఓ.ఏ.ఇ. “పాస్” అని చూపును, బెరాలో లోపము బయటపడును. “పాస్ అయింది” అని కాగితము చేతిలో ఉన్నను, అట్టి బిడ్డకు బెరా చేయించుడి.

కర్నూలు వైపునుండి వచ్చి హెబ్బాళ దగ్గర కట్టడపు పనిలో ఉన్న ఒక కుటుంబము నాకు తెలియును. పిల్లవాడు ఏడవ నెలలో పుట్టినాడు, కామెర్లు వచ్చినవి. మెడ ఆలస్యముగా నిలిచినది, పదునెనిమిది నెలలకు గాని కూర్చొనలేదు. చూపించిన చోట “బుద్ధి తక్కువ, ఇంతే” అని చెప్పి పంపినారు. చెవి పరీక్ష ఎవరును అడుగలేదు. మూడేండ్లు నిండిన తరువాత ఫిజియోథెరపీ చేయుచున్న ఒక అమ్మాయి అనుమానించి బెరాకు పంపినది. వాడికి రెండు చెవులలోను తీవ్రమైన లోపమున్నదని తేలినది. ఇప్పుడు చెవి మిషనులు పెట్టుకొనుచున్నాడు. ఆరేండ్లు. అందరివలె మాట్లాడుట లేదు, అది నిజము. నలభై మాటల వరకు పలుకుచున్నాడు, అంతకంటె ఎక్కువ చేతి సైగలు తెలియును. తండ్రి సాయంకాలము మెట్లెక్కి వచ్చుచుండగా తలుపు దగ్గరకు పోయి నిలుచుచున్నాడు. నడక ఇంకను తడబడుచునే యున్నది.

ఈ కుటుంబము కథలో మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. బిడ్డకు రెండు మూడు కష్టములు కలిసి వచ్చినప్పుడు, చూచువారు అన్నిటిని ఒకే లోపము మీద వేసెదరు. ఒకరు అంతయు మెదడు అంటారు, చెవిని వదలివేయుదురు. మరియొకరు అంతయు చెవి అంటారు, “మిషను పెడితే అన్నీ సర్దుకుంటాయి” అని మిగిలినది వదలివేయుదురు. వినికిడి లోపమున్న బిడ్డలలో సుమారు మూడవ వంతు, కొన్ని లెక్కలలో 40 శాతము వరకు, మరియొక లోపము కూడ ఉండును. కారణము కూడ తరచుగా ఒక్కటే: నెలలు నిండని కాన్పు, తీవ్రమైన కామెర్లు, గర్భములో సోకిన రుబెల్లా లేక సి.ఎం.వి., మెదడు పొరల వాపు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలలో మధ్య చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుట మిక్కిలి సాధారణము. మరియు లోపలి చెవిలోనే శరీరమును తూకముగా నిలుపు అవయవము కూడ ఉన్నది. కాబట్టి ఆలస్యముగా నడచు బిడ్డ కాళ్లకు మాత్రమే కాదు, చెవికి సంబంధించిన కారణము కూడ ఉండవచ్చును. కంటి పరీక్ష తప్పక చేయించుడి. వినని బిడ్డకు కన్నే ద్వారము. ఆ ద్వారము మసకగా ఉంటే తెలియక ఎంత నేర్పినను లోపలికి పోదు. మెదడు పొరల వాపు వచ్చి తగ్గిన బిడ్డకు మాత్రము చెవి పరీక్ష వెంటనే చేయించవలెను, ఏలయనగా లోపలి చెవిలో ఎముక పెరిగి దారి మూసికొనిపోవచ్చును, ఆపరేషనుకు కాలము మించిపోవును.

మేనరికము సంగతి ఎత్తక తప్పదు. మేనమామను, మేనబావను చేసికొనుట మన తెలుగు ఇండ్లలో తరతరములనుండి ఉన్నది. ఇంట్లో ఎవరికిని చెవుడు లేకున్నను, తల్లి తండ్రి ఇద్దరును ఒకే లోపపు జన్యువును మోయుచున్నప్పుడు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశము బిడ్డకు చెవుడు వచ్చుటకు కలదు. దగ్గరి రక్తసంబంధములో అట్టి ఇద్దరు కలియుట ఎక్కువ. ఇది తెలిసికొని రాబోవు పెండ్లిండ్లకు జాగ్రత్తపడవచ్చును. జరిగిపోయిన పెండ్లిని పట్టుకొని కోడలిని నిందించుట మాత్రము అన్యాయము. జన్యువు ఇద్దరినుండి వచ్చును, నింద మాత్రము తల్లికే చేరుచున్నది. ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగిన ప్రశ్నను ప్రభువు తిరస్కరించిన సంగతి యోహాను 9వ అధ్యాయములో చదివియే ఉన్నాము. చదివియు అదే ప్రశ్న మరల అడుగుచున్నాము.

బెంగళూరులో ఉన్నవారికి ఒక మేలున్నది. వెదకిన యెడల దగ్గరలోనే సహాయము కలదు. లింగరాజపురములో డాక్టర్ ఎస్. ఆర్. చంద్రశేఖర్ వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. ఆ ప్రాంతములోనే అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ ఉన్నది. తానే వైకల్యముతో జీవించిన ఎన్. ఎస్. హేమ గారు 1959లో స్థాపించిన సంస్థ అది. నిమ్హాన్స్‌లో వినికిడి, వాక్కు విభాగము ఉన్నది. ఇందిరానగరులో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక ఉన్నది. మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు మన దేశములో పెద్ద కేంద్రము. సెలవులకు స్వంత ఊరు పోవువారు సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్ గుర్తుంచుకొనుడి. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ అను పేరుతో స్థాపింపబడిన సంస్థ, వినికిడి కొరకైన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రము, రెండును అక్కడనే. అక్కడ తెలుగులో మాట్లాడుదురు, ఆ ఒక్కటే కొందరు తల్లులకు సగము బలము.

ఇక భాష సంగతి. ఈ పట్టణములో మన బిడ్డ ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు, పక్కింట తమిళము వినును. వినికిడి లోపమున్నదని తెలియగానే “ఇంట్లో తెలుగు మానేయండి, ఇంగ్లీషే మాట్లాడండి, బడికి పనికివస్తుంది” అని సలహా ఇచ్చువారున్నారు. ఈ సలహాను నేను అంగీకరించను. తల్లి తనకు చక్కగా వచ్చిన భాషలోనే కథ చెప్పగలదు, కోపపడగలదు, బుజ్జగించగలదు. వచ్చీరాని ఇంగ్లీషులో “కమ్, సిట్, ఈట్” అను మూడు మాటలే బిడ్డకు మిగులును. ఒక భాష లోతుగా నిలిచిన బిడ్డకు రెండవది తరువాత అతుకును. ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పినది “తెలిసిన దానినుండి తెలియని దానికి” అను సూత్రము. బిడ్డకు తెలిసినది అమ్మ నోరు.

తెలుగులో నేర్పువారు కొన్ని సంగతులు గమనించవలెను. మన మాటలు చాలవరకు అచ్చుతో ముగియును, అచ్చులు బలమైన ధ్వనులు, చెవి మిషనులో బాగుగా వినబడును. ఇది మనకు అనుకూలము. కాని అర్థమును మార్చునది మాట చివరనే ఉండును: ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి. మనము తొందరలో ఆ చివరను మ్రింగివేయుదుము. బిడ్డకు అదే పోవును. మాట చివరి వరకు పలుకుడి. పెదవులను చూచి గ్రహించుటకు కూడ హద్దున్నది. “పాట, బాట, మాట” అని అద్దము ముందు పలికి చూడుడి, పెదవులు మూడింటికిని ఒకేవిధముగా కదలును. “క”, “గ” పెదవులపై కనబడనే కనబడవు. కాబట్టి ఒంటి మాటకంటె చిన్న వాక్యము మేలు. “పాలు” అనుటకంటె “పాలు తాగుదామా” అన్నప్పుడు బిడ్డకు ఊహించుటకు ఆధారము దొరకును.

చేతి సైగలు నేర్పితే మాట రాదని భయపడువారున్నారు. ఆ భయము అక్కరలేదు. మాట రాకముందు బిడ్డ తన మనసు చెప్పుకొనుటకు ఏదో ఒక దారి కావలెను. దారి లేని బిడ్డ నేలపై పడి తల కొట్టుకొనును, మనము దానిని మొండితనము అందుము. భారతీయ సంకేత భాష ఒక సంపూర్ణమైన భాష. 2015లో ఢిల్లీలో దాని కొరకు జాతీయ కేంద్రము ఏర్పడినది, 2021లో 10,000 పదముల నిఘంటువు వెలువడినది. వినికిడితోపాటు గ్రహింపులో కూడ కష్టమున్న బిడ్డకు మాట, సైగ, వస్తువు మూడును కలిపి చూపవలెను. స్నానమునకు ముందు తువ్వాలు చేతికిచ్చి, సైగ చేసి, “స్నానం చేద్దాం” అనుడి. అన్నమునకు ముందు చెంచా. బయటకు పోవునప్పుడు చెప్పులు. ప్రతిదినము అదే వరుస, అదే మాట. చెప్పి ఊరకుండుడి. మనసులో పది లెక్కించుడి. మనము ఆ పదివరకు ఆగలేక మనమే జవాబు చెప్పివేయుదుము. బిడ్డకు మాట మెదడులో అందుకొనుటకు ఆ కాలము కావలెను.

చెవి మిషను పెట్టుకొన్న బిడ్డ నిద్రపోవునప్పుడు, స్నానము చేయునప్పుడు తప్ప తీయకూడదు. “ఇంట్లో ఎందుకులే, బయటకు పోయేటప్పుడు పెడదాం” అనుట పెద్ద పొరపాటు. బిడ్డ మాట నేర్చుకొనునది ఇంట్లోనే. చెవి అచ్చు చిన్నబిడ్డలకు కొన్ని నెలలకే బిగువు తప్పును, మిషను కీచుమని కూయును. కూత వచ్చినదని మిషను ఆపివేయక కొత్త అచ్చు తీయించుడి. చెమటకు, వానకాలపు తేమకు మిషను పాడగును, రాత్రివేళ సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచుడి. బొత్తాము వంటి ఆ చిన్న బ్యాటరీని బిడ్డ మ్రింగినయెడల తెల్లవారువరకు వేచియుండకుడి, అన్నవాహికలో ఇరుక్కొంటే గంటలలోనే కాల్చివేయును, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తుడి.

ప్రతి ఉదయము మిషను పెట్టిన తరువాత ఒక నిమిషపు పరీక్ష ఉన్నది. డేనియల్ లింగ్ అను బధిరుల విద్యావేత్త ఏర్పరచినది. నోటికి అడ్డముగా కాగితము పెట్టి ఆరు ధ్వనులు పలుకవలెను: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. లావు ధ్వనినుండి సన్నని ధ్వని వరకు మాటలోని శబ్దములన్నియు ఈ ఆరింటిలో వచ్చును. ప్రతి ధ్వనికి బిడ్డ గిన్నెలో ఒక గింజ వేయునట్లు నేర్పుడి. నిన్న “స్” విని ఈ దినము వినలేదంటే మిషనులోనో, చెవిలోనో ఏదో మార్పు వచ్చినదని అర్థము. ఇది చేయుటకు చదువు అక్కరలేదు.

ఒక గది ఇంట్లో కుక్కరు, మిక్సీ, టీవీ, వీధిలోని లారీ అన్నియు కలిసి మ్రోగును. మిషను మాటను పెద్దది చేయునప్పుడు మిక్సీని కూడ పెద్దది చేయును. టీవీ ఆపుడి. చేయి చాచినంత దూరములో కూర్చొని, వెలుగు మీ ముఖముపై పడునట్లు మాట్లాడుడి. దూరము రెట్టింపైనప్పుడెల్ల శబ్దము 6 డెసిబెల్స్ తగ్గును. వంటింటినుండి అరచుటకంటె దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పుట ఎక్కువ చేరును.

తండ్రులకు ఒక మాట. పొద్దున ఏడింటికి సైటుకు పోయి రాత్రి ఎనిమిదింటికి వచ్చు మీకు ఓపిక ఉండదని నాకు తెలియును. కనీసము మిషను పెట్టుట, బ్యాటరీ మార్చుట నేర్చుకొనుడి. తల్లికి జ్వరము వచ్చిన దినమున బిడ్డ లోకము మూతపడకూడదు. చెన్నైలో 1969లో మొదలైన బాల విద్యాలయ అను చిన్నబిడ్డల బధిర పాఠశాలలో తల్లులు కూడ తరగతిలో కూర్చొని నేర్చుకొందురు. బిడ్డకు వారమునకు ఒక గంట చెప్పు థెరపిస్టు గురువు కాదు, ఇంట్లో ఉన్నవారే గురువులు అను నమ్మకము మీద ఆ పద్ధతి నిలిచినది. అక్కలను కూడ మరువవద్దు. పదేండ్ల అక్క ఎప్పుడును తమ్మునికి దుబాసిగా ఉండి తన చదువు, ఆట పోగొట్టుకొనుచున్నది. వారమునకు ఒక సాయంకాలము దానిది దానికి ఇయ్యుడి.

కాక్లియర్ ఇంప్లాంట్ గురించి చాలామంది అడుగుచున్నారు. మిషను చాలని తీవ్ర లోపమునకు అది గొప్ప సాధనము. కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకములో అర్హత గల చిన్నబిడ్డలకు ఉచితముగా చేయుదురు, వయసు హద్దు కఠినము, అయిదేండ్లలోపే అడుగవలెను. అయితే ఆపరేషను దినమున బిడ్డ వినడు. కొన్ని వారముల తరువాత యంత్రమును ఆన్ చేయుదురు, అప్పటినుండి సంవత్సరముల శిక్షణ. బయటి యంత్రమునకు తీగలు, మరమ్మతు ఖర్చు మన మీదనే పడును. ఇతర లోపములు కూడ ఉన్న బిడ్డకు ఫలము వేరుగా ఉండవచ్చును. పేరు పిలిస్తే తిరుగుట, హారను విని ఆగుట, అమ్మ గొంతు గుర్తించుట కూడ ఫలమే. ముందుగానే వైద్యుని అడిగి తెలిసికొని సంతకము చేయుడి.

కాగితముల సంగతి త్వరగా చెప్పెదను. యు.డి.ఐ.డి. కార్డు చేయించుడి, దేశమంతట చెల్లును, ఊరు మారినను పనికివచ్చును. 2016 వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము 40 శాతము, అంతకుమించి లోపమున్న బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు, అది దగ్గరి బడిలోనైనను, ప్రత్యేక పాఠశాలలోనైనను. నేషనల్ ట్రస్టువారి నిరామయ ఆరోగ్య బీమా సంవత్సరమునకు లక్ష రూపాయల వరకు ఇచ్చును. చెవి లోపము ఒక్కటే ఉన్నవారికి అది వర్తించదు, బహుళ వైకల్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము ఉన్నవారికి వర్తించును. సర్టిఫికెటులో వైద్యుడు ఒక్క చెవినే వ్రాసి ఊరకుంటే మిగిలినది కూడ వ్రాయుమని అడుగుడి.

చివరగా సంఘములో మనము చేయవలసినది. ప్రార్థన చేయించుకొని “విశ్వాసముతో మిషను తీసివేయండి” అను మాట అక్కడక్కడ వినబడుచున్నది. ప్రార్థన చేయుదము, మిషను ఉంచుదము. మార్కు 7వ అధ్యాయములో చెవిటివానిని ప్రభువు జనములోనుండి ప్రక్కకు తీసికొని పోయి, చెవులను, నాలుకను తాకి, ఆకాశము వైపు చూచెను. చెవిటివాడు తాకి తెలిసికొనగలది, కంటితో చూడగలది ముందుగా చేసెను. సండేస్కూలు ఉపాధ్యాయులు ఆ వరుసనే నేర్చుకొనవచ్చును. అట్టి బిడ్డను కిటికీకి ఎదురుగా కాక, కిటికీకి వీపు పెట్టి మొదటి వరుసలో కూర్చుండబెట్టుడి, అప్పుడు వెలుగు మీ ముఖము మీద పడును. స్పీకరు పెట్టె దగ్గర మాత్రము వద్దు. మిషను పెట్టుకొన్న చెవికి ఆ హోరు నొప్పి కలిగించును, బిడ్డ చెవులు పట్టుకొని ఏడ్చినప్పుడు దయ్యమని అనుమానింపవద్దు. కథకు ముందు బొమ్మను, వస్తువును చేతికిచ్చి తరువాత చెప్పుడి. మిగిలిన పిల్లలకు అయిదు సైగలు నేర్పుడి: రా, కూర్చో, నీళ్లు, ఆట, బాగుంది. పిల్లలు ఒక్క ఆదివారములో నేర్చుకొందురు, పెద్దలకు నెల పట్టును.

తలిదండ్రులు రెండు రూపాయల నోటుబుక్కు కాకపోయినను ఒక పాత డైరీ అయినా పెట్టుకొనుడి. ఏ తేదీన ఏ పరీక్ష, ఏమి చెప్పిరి, మిషను దినమునకు ఎన్ని గంటలు ఉన్నది, ఆరు ధ్వనులలో ఎన్ని వినబడినవి, ఈ వారము కొత్తగా ఏ మాట లేక ఏ సైగ వచ్చినది వ్రాయుడి. వ్రాయరాని తల్లికి పెద్దబిడ్డ వ్రాసి పెట్టవచ్చును. ఆసుపత్రికి పోవునప్పుడు ఆ డైరీని, పాత రిపోర్టులన్నిటిని ఒక సంచిలో వేసికొని పోవుడి. కన్నడము రాదని జంకువారు మన సహోదరులలో ఒకరిని వెంట తీసికొని పోవుడి.